నాలుగో రోజు నీళ్ళు

తెర మీద కర్సర్ ఆగిపోయింది. 'తూర్పు హద్దు: వాగు పోరంబోకు' అని కొట్టబోతే 'వాగు' దగ్గరే నిలబడిపోయింది. హిమజ మౌస్‌ని అటూ ఇటూ జరిపి చూసింది. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కింది. నొక్కితే ఆరాల్సిన పచ్చలైటు ఆరలేదు. కాసేపటికి కదులుతుందిలే అనుకోవడానికి కూడా లేదు. మొత్తం బిగుసుకుపోయింది.

"ఆగిందా?" అన్నాడు సోఫాలో కూర్చున్న మామగారు నాగభూషణరావు. ఆ అడగడంలో ఆదుర్దా లేదు. తను చెప్పిందే జరిగిందన్న తృప్తి ఉంది.

కంప్యూటర్ బాగుచేసి తెచ్చి బిగించిన నాగూర్ వలి ఇంకా మెట్లు దిగలేదు. గుమ్మంలో ఒక చెప్పు వేసుకుని రెండోదాని కోసం కాలితో తడుముకుంటున్నాడు. ఆ మాట విని వెనక్కి వచ్చాడు.

"మళ్ళీనా అక్కా? ఇందాక నేను చూపించినప్పుడు బానే ఉంది గదా!"

"ఇప్పుడు చూడన్నా."

వలి చూశాడు. తల గోక్కున్నాడు. "మా షాపులో పొద్దస్తమానం నడిపా. పాటలు పెట్టా, సినిమాలు పెట్టా, ఒక్కసారి ఆగలా. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కించా. ర్యామ్ తీసి రుద్ది పెట్టా. ఇంక దాంట్లో ఏ రోగమూ లేదు బాబాయ్ గారూ."

"దాంట్లో లేదురా. సందీపు కూర్చుంటే ఆగదు. నీ దగ్గర ఆగదు. ఈ అమ్మాయి కూర్చుంటేనే ఆగుద్ది. రోగం ఎక్కడుందో నీకింకా తెలవట్లా?"

వలి నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. నాగభూషణరావు వంటింటి వైపు తిరిగాడు.

"ఏమే, ఆ పిల్ల లెక్క సరిగ్గానే చెప్తందా నీకు? కోర్టు పని తొందరని బయట చేరి కూడా చెప్పకుండా కూర్చుందేమో కనుక్కో."

హిమజకి చెవులు వేడెక్కాయి. ఆడవాళ్ళ నెలసరి గురించి, బయటివాడి ముందు, దూది ధర అడిగినంత తేలిగ్గా అడిగేశాడు. పైగా అబద్ధమాడానని. ఆమె భర్త సందీప్ బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వంటింటి గుమ్మంలో అత్తగారు మంగతాయారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఏమోనండీ," అంది.

మామగారి ప్రశ్న కన్నా ఆ 'ఏమోనండీ' ఎక్కువ గుచ్చుకుంది హిమజకి. నెల నెలా ఎప్పుడు ఆ వెనక గదిలోకి వెళ్ళిందో, ఎప్పుడు తలంటుకుని వచ్చిందో అత్తగారి కన్నా బాగా ఎవరికి తెలుసు?

"మామయ్యా, నేను ఎప్పుడూ అట్టా చెయ్యలా," అంది.

"నేను నీతో మాట్లాడలా," అన్నాడు ఆయన, తెర వైపు చూస్తూ.

ఆయన మాటల్లో మొదటి నుంచీ అదే వరస. ఇలాంటి విషయాలు కోడలితో నేరుగా మాట్లాడడు, కోడలి గురించి మాత్రం అందరితో మాట్లాడతాడు.

"సోమవారం దీన్ని పాత సామాన్లవాడికి పడేద్దాం. ఆదివారం శావల్యాపురంలో మన వెంకట్రత్నం గృహప్రవేశం ఉంది. అది చూసుకుని సాయంత్రానికి వస్తాం. వలీ, నువ్వు కూడా సాయంత్రం వచ్చి వైర్లన్నీ పీకి ఇచ్చెయ్. ఆ కోర్టు కాగితాలు ఇంట్లో పెట్టుకోవడం నాకసలు మొదట్నించీ ఇష్టం లేదు. ఎవరి తగాదాలో మనింటికి తెచ్చుకుంటున్నాం."

వలి రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు.

*

కింద పత్తి గోడౌను, పైన కాపురం. ఎంత ఊడ్చినా కిటికీ చువ్వల మీద దూది నలుసులు వాలుతూనే ఉంటాయి. ఆ కంప్యూటర్ కూడా కింద కొట్లో గుమాస్తా బల్ల మీద ఉండేదే. కొట్టుకి కొత్తవి వచ్చాక పైకి ఎక్కించారు. దాని మీదే హిమజ తెలుగు టైపింగ్ నేర్చుకుంది. కోర్టులో ప్రాక్టీసు పెట్టిన భార్గవి అనే ప్లీడరమ్మ మొదట ఒక నోటీసు ఇచ్చి చూసింది. తప్పుల్లేకుండా వచ్చేసరికి దావాలు, సాక్షుల వాంగ్మూలాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు హిమజ చేతిలో ఉన్నది ఎడ్లపాడు పొలం గట్టు తగాదా.

"సోమవారం దావా వెయ్యాలి హిమజా," అంది భార్గవి ఫోన్లో. ఆమె కోప్పడలేదు. "మెషీన్ బాలేకపోతే ఇప్పుడే చెప్పు. కోర్టు దగ్గర డీటీపీ వాళ్ళకి ఇచ్చేస్తా. కాకపోతే ఒకసారి అక్కడికి వెళ్తే ఇంక పని అంతా అక్కడికే పోతది, నా చేతిలో ఉండదు."

"ఇస్తానండీ," అంది హిమజ. ఎలా ఇస్తుందో ఆమెకే తెలియదు.

గదిలోకి వెళ్తే సందీప్ చొక్కా మడత పెట్టుకుంటున్నాడు.

"నాన్న సంగతి తెలుసు గదా. సర్దుకుపోవాలి. నేను తర్వాత ఒక లాప్‌టాప్ చూస్తాలే."

"నాకు లాప్‌టాప్ వద్దు. నేను అబద్ధమాడానని వలీ ముందు అన్నారు మీ నాన్న. మీరు అక్కడే ఉన్నారు."

"నేనేమంటాను, అట్టాంటి విషయాల్లో?"

"'ఆమె అబద్ధమాడదు నాన్నా' అనొచ్చు. ఆ ఒక్క ముక్క చాలు. దానికి ఏ విషయమూ తెలియక్కర్లా."

సందీప్ చొక్కాని రెండోసారి మడత పెట్టాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే హిమజ కంప్యూటర్ ముందు కూర్చుంది. టైపు చేయడానికి కాదు, దాన్ని చూడటానికి. ఉక్రోషంలో ఉన్న మనిషికి కళ్ళు బాగా పనిచేస్తాయి కాబోలు, ఇన్నాళ్ళూ పట్టించుకోనివి ఒక్కొక్కటీ కనపడ్డాయి. స్విచ్ వేసిన కొత్తలో లోపలి ఫ్యాన్ చిన్నగా తిరుగుతుంది. పోను పోను హోరెత్తుతుంది. ఆ హోరు బాగా పెరిగాకే కర్సర్ ఆగుతుంది. ఆగిన వెంటనే ఆపి మళ్ళీ వేస్తే పట్టుమని పేరా కూడా కొట్టనివ్వదు. కరెంటు పోయి కాసేపు చల్లబడితే మాత్రం చాలాసేపు నడుస్తుంది. డబ్బా మీద చెయ్యి వేసింది. ఇస్త్రీపెట్టె వెనకభాగంలా ఉంది.

సందీప్ పత్తి రేట్లు చూసుకుని లేచిపోతాడు. అది వేడెక్కేదాకా ఎప్పుడైనా కూర్చున్నాడా?

మరి వలి షాపులో? వలికి ఫోన్ చేసింది.

"అన్నా, మీ షాపులో దాన్ని మూత పెట్టే నడిపారా?"

"మూత ఎందుకక్కా? రిపేరుకి వచ్చినయ్యన్నీ మూతలు తీసేసే ఉంటయ్. నెత్తి మీద పెద్ద ఫ్యాన్ ఉంటది గదా."

"లోపల దుమ్ము దులిపారా?"

"బ్లోయరు కొట్టా పైపైన. ఈ ఊళ్ళో ఏ డబ్బా విప్పినా దూదేలే అక్కా. దానికే ఆగిపోతే ఊళ్ళో ఒక్క కంప్యూటరూ పనిచెయ్యదు."

హిమజ ఫోన్ పెట్టేసింది. డబ్బా విప్పి చూడాలనుకుంది. అంతలో మామగారు నిద్ర లేచి, టీవీ పెట్టుకుని ఆ గదిలోనే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. ఇంక హాల్లోకి రావడానికి లేదు.

*

ఆ ఇంట్లో మూడు రోజులు అంటే వెనక గది. చాప, ఒక స్టీలు గ్లాసు, ఒక కంచం. మంగతాయారు అన్నం తెచ్చి గడప ఇవతల నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తుంది. కోడలు తీసుకుంటుంది. నాలుగో రోజు తలంటుకుని బయటికి వచ్చాక అత్తగారు చెంబు నీళ్ళలో పసుపు కలుపుకుని వచ్చి, చాప మీదా, కుర్చీ మీదా, బల్ల మీదా, కంప్యూటర్ మీదా వేళ్ళతో చల్లుతుంది. ఆ మూడు రోజులూ కంప్యూటర్‌ని ఎవరూ ముట్టుకోరు. అయినా చల్లాల్సిందే. బయట చేరిన సంగతి తెలిసేలోపు పొరపాటున చెయ్యి పడి ఉండొచ్చు కదా అంటాడు నాగభూషణరావు. ఒక్కోసారి ఆయనే దగ్గరుండి "ఆ పక్కన పడలా, మళ్ళీ చల్లు" అంటాడు.

ఆదివారం తెల్లవారాక తండ్రీ కొడుకులు కారులో శావల్యాపురం వెళ్ళారు. గృహప్రవేశానికి హిమజ ఎలాగూ పనికిరాదు. ఆమెకు వండి పెట్టడానికి మంగతాయారు ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పులని పైకి చెప్పుకుంది.

కారు చప్పుడు సందు మలుపు తిరిగిపోయేదాకా హిమజ చాప మీద కూర్చునే ఉంది. తర్వాత లేచింది. అత్తగారి కుట్టుమిషన్ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది. తిన్నగా హాల్లోకి వచ్చి, ప్లగ్ పీకి, కంప్యూటర్ డబ్బాని ఒళ్ళోకి లాక్కుని నేల మీద కూర్చుంది.

వంటింట్లోంచి వచ్చిన మంగతాయారు అక్కడే ఆగిపోయింది.

"అమ్మాయ్! ఏంది ఆ పని? నువ్వు బయటున్నావ్!"

"ఉన్నా."

"మరి ముట్టుకుంటావేంది? ఆయనకి తెలిస్తే..."

"ముట్టుకోకపోయినా ముట్టుకున్నానన్నారు గదా అత్తయ్యా. ఆ పేరు ఎట్టాగూ వచ్చింది. ఈసారి నిజంగానే ముట్టుకుంటన్నా. సాయంత్రం మామయ్యకి చెప్పుకోండి." డబ్బా వెనక రెండు స్క్రూలూ విప్పి పక్కరేకు లాగింది. "ముందు ఆ టార్చి ఇటివ్వండి. లోపల చీకటిగా ఉంది."

మంగతాయారు కదలలేదు. ఆ తర్వాత అలమర మీంచి టార్చి తెచ్చింది. నేల మీద పెట్టి, కాలి బొటనవేలితో కోడలి వైపు తోసింది.

హిమజ టార్చిని నోట కరుచుకుని చూసింది. వీలు కాలేదు. ఫ్యాన్ పట్టుకోవడానికి ఒక చెయ్యి, మర తిప్పడానికి ఒక చెయ్యి కావాలి. టార్చి జారి ఒళ్ళో పడింది.

"పట్టుకోండి అత్తయ్యా. రెండు చేతులూ చాలట్లా."

"నేనా?"

"ఇంకెవరున్నారు ఇంట్లో?"

మంగతాయారు వీధి తలుపు వైపు చూసింది. గడియ పెట్టి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చుని టార్చి అందుకుంది. అందుకోవడంలో ఇద్దరి వేళ్ళూ తగిలాయి.

ఫ్యాన్ పైన పల్చగా దూది. వలి చెప్పినట్టే, అదేం పెద్ద లెక్కలోది కాదు. హిమజ నాలుగు మూలల మరలూ విప్పి ఫ్యాన్‌ని పైకెత్తింది. దాని కింద సన్నటి రేకుల వరస ఉండాలి. రేకులు కనపడలేదు. వాటి మీద దళసరిగా, గట్టిగా, కంబళి ముక్కలాంటిది పరుచుకుని ఉంది. గాలి దూరడానికి సూది మొనంత సందు లేదు. జడ పిన్ను దూర్చి ఒక మూల లేపింది. అంతా ఒకటే బిళ్ళగా ఊడి వచ్చింది. దూదే అది. తడిసి, ఎండి, దాని మీద మళ్ళీ దూది పడి, మళ్ళీ తడిసి ఎండి, పొరలు పొరలుగా అట్ట కట్టింది.

టార్చి వెలుగులో అది పసుప్పచ్చగా ఉంది.

హిమజ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత అత్తగారి ముందుకు చాపింది. మంగతాయారు వాసన చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

"నేను పైపైనే చల్లానే," అంది.

"పక్కనున్న ఈ బెజ్జాల్లోంచి లోపలికి పోయింది. నెల నెలా పోయింది." హిమజ గొంతు పెరిగింది. "మూడు రోజులు నేను దీని మొహం చూడను. నాలుగో రోజు మీరు దీని నోట్లో నీళ్ళు పోస్తారు. ఊపిరాడక అది ఆగిపోతే నా చెయ్యి పడిందంటారు. వలీ ముందు, మీ అబ్బాయి ముందు, నేను అబద్ధాలకోరుని. మీరేమన్నారు? 'ఏమోనండీ!' మీకు తెలీదా అత్తయ్యా? నేను ఎప్పుడన్నా మీకు చెప్పకుండా ఉన్నానా?"

మంగతాయారు ఆ పచ్చటి బిళ్ళని చేతిలోకి తీసుకుంది.

"ఆయన కుదురుగా చెప్పనిచ్చే మనిషా?" అంది గొణుగుతున్నట్టు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. "లేదులే. అది కాదు. నిజం చెప్తే ఆయనతో ఒక మాట పడాలి. ఎందుకొచ్చిందిలే అనుకున్నా. ఆ మాటేదో నువ్వు పడ్డావ్."

తర్వాత టార్చిని ఇంకా దగ్గరికి పెట్టింది.

"లోపల ఇంకా ఉందా? అదిగో, ఆ మూల. ఆ పిన్ను కాదు, ఆగు. ముగ్గులకి రంగులు నింపే బ్రష్ తెస్తా."

*

సాయంత్రం కారు వచ్చేసరికి హిమజ హాల్లోనే ఉంది, కుర్చీలో. మధ్యాహ్నం మొదలుపెట్టింది ఇంకా ఆపలేదు. తూర్పు హద్దు, వాగు పోరంబోకు అన్నీ దాటి కోర్టువారిని కోరుకునే ప్రార్థన పేరాల దాకా వచ్చింది. పాత భయం కొద్దీ వాక్యం అవగానే వేళ్ళు వాటంతట అవే సేవ్ నొక్కుతున్నాయి.

ముందు వలి వచ్చాడు, వైర్లు పీకడానికి. వెనకే నాగభూషణరావు, చేతిలో అరటిపళ్ళూ రవికెల గుడ్డా ఉన్న సంచితో. ఆయన వెనక సందీప్. గుమ్మం దాటిన నాగభూషణరావు కోడల్ని కుర్చీలో చూసి ఆగాడు. సంచి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏందిది? ఏమే! ఏంది ఈ అన్యాయం?"

హిమజ లేవలేదు. కుర్చీ మాత్రం ఆయన వైపు తిప్పింది.

"నాకు ఈరోజు రెండో రోజు మామయ్యా," అంది. వలి ఉన్నాడని గొంతు తగ్గించలేదు. "పొద్దున్నించీ ముట్టుకుంటానే ఉన్నా. మధ్యాహ్నం నించీ టైపు చేస్తన్నా. ఒక్కసారి కూడా ఆగలా."

సందీప్ నేల చూపులు చూశాడు. వలి గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాడు.

బల్ల మీద న్యూస్‌పేపర్ ముక్కలో ఆ పచ్చటి బిళ్ళ ఉంది. హిమజ దాన్ని వలి వైపు జరిపింది. వలి వేలితో నలిపి చూసి నాలిక్కరుచుకున్నాడు. "డబ్బా మీద పచ్చ మరకలు చూశా అక్కా. మీ ఇళ్ళల్లో పూజలకి పెడతారు గదా అనుకున్నా. ఫ్యాను కింద ఇట్టా ఉంటదని... నేనే విప్పి చూడాల్సింది."

"మరకో మసో, నాకవన్నీ అనవసరం," అన్నాడు నాగభూషణరావు. "ఆగు, ఇప్పుడే ఆగుద్ది చూడు. ఆమె కూర్చుంది గదా." సోఫాలో కూర్చున్నాడు. తెరకేసి చూపు నిలిపాడు.

హిమజ కుర్చీ వెనక్కి తిప్పుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. కీబోర్డు టకటకలు, చిన్నగా ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. ఒక పేరా అయింది. ఇంకొకటి అయింది. ఎవరో కుట్టి పెట్టినట్టు నాగభూషణరావు కళ్ళు ఆ కర్సర్ మీదే ఉన్నాయి. అది ఎక్కడైనా తడబడుతుందేమోనని ముందుకు వంగాడు. అది తడబడలేదు.

"నేనెళ్ళొస్తా బాబాయ్ గారూ," అన్నాడు వలి. "పీకేదేం లేదిక్కడ."

వలి వెళ్ళిపోయాక ఆయన కోపం మళ్ళడానికి ఇంకో చోటు కావాల్సి వచ్చింది. వంటింటి వైపు చూశాడు.

"ఇదంతా జరుగుతుంటే నువ్వు చూస్తా ఊరుకున్నావా?"

మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది.

"ఊరుకోలా. టార్చి పట్టుకున్నా."

"ఏంది?"

"పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నా. బ్రష్‌తో నేనే దులిపా. ఆ తర్వాతే వంట చేశా. తినాలనుంటే తినండి, లేకపోతే మీ అరటిపళ్ళున్నయ్."

సందీప్ తల ఎత్తి తల్లిని చూశాడు. భార్య మొహం, కోడలి వీపు, తెర, ఈ మూడింటి మధ్యా నాగభూషణరావు చూపు తిరిగింది. చివరికి మళ్ళీ తెర మీదే ఆగింది. ఆయనకి మిగిలిన ఆశ అదొక్కటే.

మంగతాయారు భోజనాల బల్ల దగ్గర ఉన్న కుర్చీని ఈడ్చుకొచ్చింది. కోడలి కుర్చీకి ఆనించి వేసి, మోకాళ్ళు సవరించుకుంటూ కూర్చుంది. భుజానికి భుజం తగిలింది. అక్షరాలు పుట్టుకొస్తుంటే కాసేపు చూసింది.

"ఇంకా ఎంతుందే?"

"ఒక పేజీ అత్తయ్యా."

"కానియ్. నేనిక్కడే ఉంటా," అంది, భర్తకి వినపడేట్టుగా. "ఆగితే ఆగనీ. ఈసారి ఇద్దరి చెయ్యీ పడిందంటారు."

హిమజ సేవ్ నొక్కడం మర్చిపోయి, తర్వాతి పేజీలోకి వెళ్ళింది.